షిఫ్ట్ దిగేటప్పుడు

సుపేలాలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న అమ్మాయి ఫోన్ చూసుకుని గంతేసినంత పని చేసింది. నేను ఉద్యోగంలో రోజూ వాడే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌కి ఆమె పంపిన మార్పును తీసుకున్నారట. ఏళ్లుగా నేను పంపాలనుకుంటున్నది దానికే. కడుపు మండిపోయింది.

"కోడ్ ఏటి రాశావు?"

"కోడ్ కాదు భయ్యా. ఇన్‌స్టాల్ చేస్తే మధ్యలో ఆగిపోయింది. ఎలా దాటానో వాళ్ల గైడ్‌లో రాసి పంపీసాను. మా నాన్న స్టీల్ ప్లాంట్‌లో షిఫ్ట్ దిగినప్పుడు, ఎక్కడేటి ఆగిందో తర్వాతి షిఫ్ట్‌కి వచ్చినోలికి చెప్పీసే దిగుతాడు. నాకూ అదే అలవాటు."

ఆ ఇన్‌స్టాల్‌లో నేనూ అక్కడే ఆగాను, దాటాను. మా నాన్నదీ ఆ ప్లాంటే.

సెక్టర్ 7లో దిగుతూ, తను లేచిన సీట్లో కూర్చోబోతున్న పెద్దాయనతో అంది: "అంకుల్, అంచున రేకు లేచింది, జాగ్రత్త."

ఆమె ఎక్కినప్పుడు చోటిస్తూ లోపలికి జరిగేటప్పుడే ఆ రేకుకి నా చొక్కా చిరిగింది. ఈసారీ ఆమే ముందు చెప్పింది.