పగటి నిద్ర కోసం మూసిన గది

యుద్ధం రోజుల్లో మాకు కొడుకు పుట్టాడు. అరవ దేశాన నల్లంపల్లి పక్కన మా ఊళ్లో మట్టి మిద్దె ఇల్లు, కొన్ని ఎనుములు, చెనిక్కాయల చేను మాకుండేవి. బిడ్డ రాత్రిళ్లు బాగానే పడుకునేవాడు. చిక్కంతా పగలే. దూలానికి చీరతో ఉయ్యాలలా కట్టిన తూళిలో వేసి ఊపితే కన్ను మూసేవాడు, ఊపు ఆగితే తెరిచేవాడు. నిద్ర చాలక పాలు సరిగా తాగడు. ఏడ్చి ఏడ్చి ఒళ్లు కరిగి తొడల మీద చర్మం ముడతలు పడింది. ఇట్లాగే చిక్కిపోతే బిడ్డ దక్కడని మంత్రసాని వచ్చి మా అమ్మ చెవిలో చెప్పిన మాట నాకూ వినపడింది.

నేను బడికి పోలేదు. తెలుగు అక్షరాలు మా నాయన ఇసుకలో దిద్దించాడు. అరవం అక్షరాలు అంగడి పొట్లాల కాగితాల మీద నేనే కూడబలుక్కుని నేర్చుకున్నాను. ధర్మపురి సంతకు పోయినప్పుడల్లా అక్కడి గ్రంథాలయంలో కూర్చుని, చేతికి దొరికిన పుస్తకమల్లా చదివేవాణ్ని. మా ఊళ్లో అన్ని పుస్తకాలు చూసినవాడు ఇంకొకడు లేడు. బిడ్డల పెంపకం మీద ఒక అరవ పుస్తకం అక్కడే కనబడింది. పగటి నిద్ర సాగాలంటే గది చీకటిగా ఉండాలి, చప్పుడు ఉండకూడదు, రోజూ ఒకే వేళకు పడుకోబెట్టాలి అని అందులో ఉంది. కంఠతా పట్టి ఇంటికి వచ్చాను.

“పుస్తకం చదివి నిద్ర తెచ్చే మొగుడు నాకే దొరికినాడు” అంది నా భార్య. “అది రాసినాయన ఎప్పుడన్నా తూళి ఊపినాడంటనా?”

“ఊపకుండా పండుకునేదానికే గదే రాసింది.”

“అట్లయితే నువ్వే పండుకోబెట్టు. నేను చేనికి పోతా.”

రాగులు పోసుకునే లోపలి గదికి కిటికీ ఒక్కటే. గోనెసంచులు మడతలు పెట్టి కుట్టి దానికి బిగించాను. తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కాను. తూళిని ఆ గది దూలానికి మార్చి కట్టాను. పట్టపగలు లోపల నా చెయ్యి నాకు కనబడలేదు. సంతోషమేసింది.

అమ్మ పద్ధతి అమ్మది. బిడ్డకు ఆముదం రాసి, కాళ్ల మీద బోర్లా వేసుకుని వేన్నీళ్లు పోసి, నిప్పుల చట్టిలో సాంబ్రాణి వేసి పొగ పట్టేది. అదంతా వసారాలో జరిగేది. వానలు పట్టి చలిగాలి మొదలయ్యేసరికి, వాడికి జలుబు చేస్తుందని ఆ చట్టిని కూడా గదిలోకి తెచ్చి తూళికి కాస్త ఎడంగా పెట్టింది. సాంబ్రాణి అయిపోయినా బొగ్గులు ఎర్రగా కణకణలాడుతుండేవి.

చట్టి లోపల పెట్టిన మొదటి రోజు బిడ్డ పొద్దు నడినెత్తికి వచ్చేదాకా లేవలేదు.

“చూస్తివా?” అన్నాను.

“చూస్తి. బుగ్గలు గూడ ఎర్రబడినాయి” అంది నా భార్య. చాలా రోజులకు ఆమె నవ్వింది.

నిద్ర రోజురోజుకూ సాగింది. సాగేకొద్దీ ఇంట్లో ఏదో తేడా వచ్చింది. లేచిన బిడ్డ ఏడ్చేవాడు కాదు, మెడ వాల్చేసేవాడు. తాగిన పాలు కక్కేవాడు. తూళి పక్కన కాపలా కూర్చునే అమ్మ సాయంత్రానికి తలకు గుడ్డ బిగించి కట్టుకునేది. ఎలుకల కోసం ఆ గదిలోనే కాపు కాసే మా పిల్లి, గడప దగ్గర నిలబడి వాసన చూసి వెనక్కి పోయేది.

“దిష్టిరా” అంది అమ్మ. “ఎండుపుల్ల మాదిరి ఉన్నోడు ఎర్రగా అయినాడని ఊరంతా వచ్చి చూసిపోతా ఉండారు.”

వసారాలో ఉప్పూ మిరపకాయలూ తిప్పి నిప్పుల్లో వేసింది. ఘాటు రాలేదు. రాకపోతే దిష్టి గట్టిదని మాలో నమ్మకం. ఇంకాసిని బొగ్గులు పోసి మళ్లీ దిష్టి తీసింది. బిడ్డను తూళిలో వేసి, నిండిన ఆ చట్టినే లోపల పెట్టుకుని తలుపు మూసింది.

నేను కొట్టం దగ్గర పగ్గం పేనుతున్నాను. సన్నగా తుంపర పడుతోంది. ఇంట్లోంచి ఏ చప్పుడూ లేదు. నేను కోరుకున్న నిశ్శబ్దమే, కానీ ఎందుకో చేతులు ఆగాయి. అప్పుడే నా భార్య చేనులోంచి వేళకు ముందే వచ్చేసింది. రవిక ముందంతా తడిసి ఉంది.

“బిడ్డ లేసినాడా?”

“లేదు.”

“నాకు పాలు చేపి కారిపోతా ఉండాయి. ఇంతసేపా పండుకునేది?”

తలుపు దుప్పటికి తట్టుకుని కదల్లేదు. భుజంతో తోశాను. అమ్మ గోడ వారగా ఒరిగిపోయి ఉంది. కళ్లు సగం తెరిచే ఉన్నాయి, పిలిస్తే పలకలేదు. నా భార్య తూళిలోంచి బిడ్డను ఎత్తింది. వాడి చెయ్యి గుడ్డపేలికలా వేలాడింది.

తుంపరలోనే వాకిట్లోకి పరుగెత్తింది. నేను అమ్మను చంకల కింద పట్టి ఈడ్చుకొచ్చాను. నా భార్య బిడ్డ నోటికి రొమ్ము అందించింది. వాడు చప్పరించలేదు. పాలు గడ్డం మీదుగా మెడలోకి కారిపోయాయి. ఆమె వాడి అరికాళ్లు గిల్లుతూ, ముఖం మీద ఊదుతూ, “లెయ్ సామీ, నిద్ర చాల్లే, లెయ్” అంటూనే ఉంది. నేను అక్కడ నిలబడి చూశాను. ఏం చెయ్యాలో నేను చదివిన దేంట్లోనూ లేదు.

చివరికి వాడు దగ్గాడు. తర్వాత సన్నగా, గొంతు పట్టినట్టు ఏడ్చాడు. కాసేపటికి అమ్మ కక్కుకుని, కళ్లు తెరవకుండానే అడిగింది: “నిప్పు ఆరిపోయిందా? బిడ్డకు చలి.”

తర్వాతి సంతకు పోయినప్పుడు గ్రంథాలయంలో నిప్పు గురించి రాసిన పుస్తకం అడిగి తీయించుకున్నాను. మూసిన గదిలో బొగ్గు కాలితే వాసన లేని విషపు గాలి పుడుతుందని, అది మనిషిని నిద్రలోనే తీసుకుపోతుందని ఉంది. ఇంటికొచ్చి చెప్పాను.

“పొగ ఊరంతా పట్టేదే గదరా” అంది అమ్మ.

“పొగ కాదమ్మా, బొగ్గులు. కిటికీ మూసింది నేను. రెండూ కలిసినాయి.”

అమ్మ లేచి లోపలికి పోయి గోనెసంచులు పీకేసి కిటికీ తెరిచింది.

ఆ తర్వాత తూళి వసారాలో కట్టాం. గాలీ, వెలుతురూ, కోళ్ల అరుపులూ అన్నీ ఉండేవి. విచిత్రంగా వాడు అక్కడ కూడా కాస్త ఎక్కువసేపే పడుకోసాగాడు. మేమే ఓర్చుకోలేకపోయాం. నిద్ర కొంచెం సాగగానే నా భార్య వచ్చి ముక్కు కింద వేలు పెట్టి చూసేది. అమ్మ అరికాలు గిల్లేది. నేను ఊరికే తూళి కదిపేవాణ్ని. వాడు ఉలిక్కిపడి లేచి ఏడ్చేవాడు. ఆ ఏడుపు విన్నాకే ఎవరి పనిలో వాళ్లు పడేవాళ్లం.