ఆ రోజు నాన్న బండెక్కలేదు

అనకాపల్లి బజారులో కొత్త బెల్లం వాసన తగిలితే నాకు ఇప్పటికీ మా ఊరి గానుగే గుర్తొస్తుంది; మాఘమాసపు చలి, పెనంలో మరుగుతున్న చెరుకు రసం, వేడి పాకం కోసం చెరుకు ముక్కలు పట్టుకుని మూగిన పిల్లలం, చుట్టలు కాలుస్తూ రాజకీయాలు మాట్లాడే పెద్దలు. ఆ పెద్దల నడుమ సింహాద్రి మామ ఉండేవాడు. చెరుకు రైతుల నాయకుడు, మా నాన్నకు ప్రాణస్నేహితుడు, వరసకు బావ. ఆ ఏడు మండలాధ్యక్ష పదవికి నిలబడ్డాడు.

ప్రచారానికి ఏ ఊరు వెళ్ళినా మామ మోటారుసైకిలు వెనక నాన్న ఉండేవాడు. ఒకరోజు నాకు జ్వరం కాస్తే ఇంట్లో ఉండిపోయాడు. ఆ మధ్యాహ్నమే నక్కపల్లి దారిలో, చెరుకుతోటల మధ్య, మామను నరికి చంపారు.

దొరికినవాడు నేరం ఒప్పుకున్నాడు గానీ విచారణ మొదలవకుండానే జైల్లో చనిపోయాడు. దాంతో చంపించినవాళ్ళు వేరే ఉన్నారని ఊరంతా నమ్మింది. ప్రభుత్వాలు మారినా మారని పెద్దలు కొందరుంటారని, మంత్రులైనా పోలీసులైనా వాళ్ళ మాటే వింటారని మంగలి దుకాణంలో చెప్పుకునేవారు.

“మనకి కనపడీవోళ్ళు ఉత్త బొమ్మలు. ఆడించీవోళ్ళు ఎనకాలున్నారు,” అనేవాడు మా వీధి సన్నాసి బాబాయి.

ఆ వెనకాలవాళ్ళు ఎవరికీ కనపడలేదు. కనపడింది మా నాన్న. ఆ రోజే బండి ఎందుకెక్కలేదన్నారు, ముందే తెలిసుంటుందన్నారు. ఆయన గానుగ దగ్గరికి వెళ్తే మాటలు ఆగిపోయేవి. అమ్మ నూతి దగ్గరికి వెళ్తే ఆడవాళ్ళు బిందెలెత్తుకుని కదిలిపోయేవారు. నాన్న క్రమంగా వీధిలోకి రావడమే మానేశాడు.

ఒక మిట్టమధ్యాహ్నం మామ భార్య నరసమ్మ అత్త వచ్చి మా అరుగు మీద కూర్చుంది.

“అన్నియ్యా, నీకేటైనా తెలుసా?”

“నేదమ్మా. తెలిస్తే బావని ఎల్లనిచ్చీవోడినా?”

అత్త కాసేపు నాన్న మొహంలోకే చూసింది. తర్వాత అమ్మ వైపు తిరిగి, “వదినా, అన్నం ఎట్టు,” అంది. లోపలికి రమ్మన్నా రాలేదు. వీధంతా చూస్తుండగా అరుగు మీదే కూర్చుని కడుపునిండా తింది. మర్నాడు నూతి దగ్గర అమ్మకు ఎవరో చేద అందించారు.

ఇప్పుడు గానుగ ఉన్నచోట ఇళ్ళ స్థలాలు వెలిశాయి. అత్త లేదు, నాన్నా లేడు. చంపించింది ఎవరో తేలనే లేదు. మొన్న కోటవురట్లలో ఒక పెళ్ళి భోజనాల దగ్గర సన్నాసి బాబాయి కలిశాడు. ఏదో దేశంలో ఒక నాయకుణ్ణి కాల్చేసిన వార్త ఫోనులో చూపించి, ఇదీ వెనకాలవాళ్ళ పనేనన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

“అవునుగానీ అమ్మా, ఆ రోజు నీకు నిజింగా జొరమేనా?”

“జ్వరమే బాబాయ్,” అన్నాను.

తలూపాడు. నమ్మినట్టు లేదు.