ఎంగిలి సీసా

మా ఆయన పోయాక మార్కాపురంలో ఒక్కదాన్నే ఉంటూ, రాత్రిబడిలో అక్షరాలు దిద్దుతున్న రోజులవి. మెదడు మీద పరిశోధన చేసే ఒకమ్మాయి అక్కడికి వచ్చింది. గిద్దలూరు పిల్లే. దిగులు ఎక్కువైతే ఒంట్లో ఒక హార్మోన్ పెరుగుతుందని, అప్పుడు మనిషి నలుగురిలోకి రావడం మానేస్తాడని, ఉమ్మిలో దాన్ని కొలవచ్చని చెప్పి తలా ఒక చిన్న సీసా ఇచ్చింది. పొద్దున లేవగానే ఏమీ తాగకముందే అందులో ఉమ్మి ఉంచితే, తానే ఇంటికొచ్చి తీసుకుంటానంది.

ఇంటికొచ్చిన ఆడపిల్ల చేతికి ఎంగిలి ఎలా ఇవ్వను? నోరు బాగా పుక్కిలించి అప్పుడు ఉమ్మాను.

"ఏంది పెద్దమ్మా, ఇట్ల నీళ్ల మాదిరి ఉంది?"

"నువ్వు ముట్టుకుంటావని నోరు కడుక్కున్నా తల్లీ."

"నాకు ఎంగిలే కావాల." నవ్వుతూ ఇంకో సీసా ఇచ్చింది. "రేపు మళ్లా వస్తాలే."

మర్నాడు చెప్పినట్టే చేశాను. ఆమె టీ తాగుతూ రాత్రి ఏం కూర వండానని అడిగింది. ఆ మాట నన్ను ఎవరైనా అడిగి చాలా కాలమైంది.

"రేపటికి ఇంకొకటి ఇయ్యి తల్లీ."

"ఇది చాలు పెద్దమ్మా. రేపు యర్రగొండపాలెం పోవాల. దీని మీద నీ పేరు రాయి."

పేరు రాయడం నాకు బాగానే వచ్చు. అయినా ఒక్కో అక్షరం వీలైనంత నెమ్మదిగా రాశాను.