పేరు చెప్పి చెయ్యెత్తాలి

దమయంతక్క ఫోనెత్తి 'హలో' అనకముందే అవతల ఉన్నదెవరో చెప్పేస్తుందని చిక్కడపల్లిలో ఒక మాట ఉంది. ఆ మాటను పుట్టించి పెంచింది నేనే. అవతలివాడు తుమ్మితే ఏ జిల్లావాడో, దగ్గితే పొద్దున ఏం తిన్నాడో కూడా చెబుతుందని చాటాను గానీ, అంతవరకు ఎవరూ నమ్మలేదు. నిజం ఇంత: ఒకసారి ఫోన్లో విన్న గొంతును ఆమె మరచిపోదు.

ఆరేళ్ల వయసులో జ్వరం వచ్చి ఆమెకు చూపు పోయింది. చదువుకుంది, నారాయణగూడలో ఒక సర్కారు ఆఫీసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. చిక్కడపల్లి మార్కెట్ వెనక సందులో తండ్రి కట్టిన ఇంట్లో కింద ఆమె, పై గదిలో కిరాయికి నేను. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "వచ్చినోళ్ల గొంతులు నచ్చలే" అనేది. నేను డిగ్రీ రెండో ఏడులో కాలేజీని వదిలేశాను. కాలేజీ ఆ దెబ్బనుంచి ఇంకా తేరుకోలేదు. నాకొక పాత స్కూటరుంది, బోలెడు తీరిక ఉంది. అందుకే 2010లో దమయంతక్కను రాష్ట్ర వికలాంగుల సలహా మండలిలో సభ్యురాలిగా వేసినప్పుడు, ఆమెను మీటింగులకు తీసుకుపోయే బాధ్యత నా మీద పడింది. మండలిని నడిపింది నేనేనని అశోక్‌నగర్ చాయ్ దుకాణాల్లో ఇప్పటికీ చెబుతుంటాను. నడిపింది స్కూటరును.

మండలి అంటే పెద్దగా ఊహించుకోకండి. సగం మంది రకరకాల శాఖల అధికారులు, సగం మంది వికలాంగులు, వాళ్ల సంఘాలవాళ్లు. ఆరు నెలలకొకసారి నారాయణగూడలో ఒక సర్కారు భవనంలో కూర్చుంటారు. సర్కారుకు సలహా చెబుతారు. సర్కారు వినొచ్చు, వినకపోవచ్చు. అధ్యక్షులు కిషన్ రావు గారు, రిటైరైన అధికారి, నిమ్మళమైన మనిషి. తోడు వచ్చినవాళ్లకు గోడవారగా కుర్చీలు వేసేవారు. నోరెత్తకూడదు. నాకది ఎంత పెద్ద శిక్షో తెలిసినవాళ్లకు తెలుసు.

మొదటి మీటింగులోనే గొడవ మొదలైంది. కిషన్ రావు గారు ఏదో చదివి, "అందరికీ సమ్మతమే కదా?" అన్నారు. బల్ల చుట్టూ తలలు ఊగాయి. "సరే, తర్వాతి విషయం."

"ఒక్క నిమిషం సార్," అంది దమయంతక్క. "ఎవరు సమ్మతించిన్రు?"

"అందరూ అమ్మా. తలలూపారు."

"తలలూపితే నాకెట్ల తెలుస్తది సార్? నోటితోని చెప్పమనున్రి."

ఎవరో నవ్వారు. ఇంతలో బల్లకు అవతల రాఘవేందర్ చేతులు గాలిలో తిరిగాయి. ఆయన బధిరుల బడిలో పంతులు, పుట్టుకతో వినికిడి లేదు. పక్కన కూర్చుని సైగలను మాటల్లోకి, మాటలను సైగల్లోకి మార్చే విజయశ్రీ అంది: "రాఘవేందర్ గారు అడుగుతున్నరు, నోటితో చెప్తే నాకెట్ల తెలుస్తది? చెయ్యెత్తమనున్రి."

కిషన్ రావు గారు అద్దాలు తీసి తుడుచుకున్నారు. చివరికి కుదిరింది ఇదీ: ఏ తీర్మానానికైనా ప్రతి మనిషీ తన పేరు పైకి చెప్పాలి, చెయ్యి పైకెత్తాలి. రాఘవేందర్ చెయ్యెత్తితే ఆయన పేరు విజయశ్రీ పలుకుతుంది.

"ఇస్కూల్ల హాజరు పిలిచినట్టున్నది," అని ఒక అధికారి గొణిగాడు.

"గొంతు వినవడ్డది సార్, పేరే వినవడలే," అంది దమయంతక్క.

ఇంకో నియమం కూడా అప్పుడే పెట్టుకున్నారు. అధికారి రాలేకపోతే కింది ఉద్యోగిని పంపొచ్చు. ఆ వచ్చినవాడు మాట్లాడొచ్చు గానీ చెయ్యెత్తకూడదు, లెక్కలోకి రాడు. సభ్యుల్లో సగం మంది స్వయంగా లేకపోతే ఏ తీర్మానమూ చెల్లదు.

ఇక రమ్య సంగతి. ఆమెది కరీంనగర్ వైపు పల్లె. అశోక్‌నగర్‌లో ఒక ఆడపిల్లల హాస్టల్లో ఉండి సర్కారు కొలువు పరీక్షలకు చదివేది. చూపు లేదు. ప్రశ్న చదివి వినిపించి, ఆమె చెప్పిన జవాబు రాసిపెట్టే మనిషి కావాలి. ఆ మనిషిని స్క్రైబు అంటారు. స్క్రైబును తామే ఇస్తామని పరీక్ష పెట్టే బోర్డువాళ్ల పద్ధతి. పోయినసారి పరీక్ష పొద్దున ఒక పిల్లగాణ్ని ఇచ్చారు. వాడికి లెక్కల గుర్తులు చదవడం రాదు. భాగహారం గుర్తును 'రెండు చుక్కల నడుమ గీత' అని చదివాడట. రమ్య సగం ప్రశ్నలు వినకుండానే గంట కొట్టేశారు. వయసు హద్దు ప్రకారం ఆమెకు ఇక మిగిలింది ఒక్క పరీక్షే. అది 2012 వేసవిలో, అప్పటికి రాబోయే మండలి మీటింగయిన రెండు నెలలకు.

"తెలిసిన మనిషిని తెచ్చుకోనిస్తే చాలక్కా," అంది రమ్య, మా ఇంటి మెట్ల మీద కూర్చుని. "నేను ఫెయిలైతే నా మూలంగ కావాలె, ఎవడో పోరడి మూలంగ కాదు."

"మీటింగుల పెడ్త," అంది దమయంతక్క.

"ఒప్పుకుంటరా?"

"ఒప్పుకుంటరో లేదో గని, ఎవరు ఒప్పుకోలేదో పేరుతోని చెప్త."

అభ్యర్థి తన స్క్రైబును తానే తెచ్చుకునేలా బోర్డుకు సిఫారసు చేయాలని ఆమె తీర్మానం తయారు చేయించింది. దస్తూరి నాది. అశోక్‌నగర్‌లో అంత అందమైన దస్తూరి ఇంకొకటి లేదు. రమ్యకు స్క్రైబుగా వెళ్లబోయేది ఎవరో వేరే చెప్పాలా?

మీటింగు రోజున ఖర్మకొద్దీ బంద్ పిలుపొచ్చింది. జిల్లాల సభ్యులు కొందరికి బస్సులు దొరకలేదు. అధికారుల్లో కొందరు బంద్ పేరు చెప్పి ఇంట్లో ఉండిపోయారు. కిషన్ రావు గారు తలలు లెక్కపెట్టి, "అంచు మీద ఉన్నాం. పేర్లు చెప్పండి, చూద్దాం," అన్నారు.

పేర్లు ఒక్కొక్కటే వచ్చాయి. బల్ల చివరనుంచి ఒక గొంతు, "ప్రేమ్‌సాగర్," అంది. చెయ్యి లేచింది.

ప్రేమ్‌సాగర్ గారు ఒక శాఖకు కొత్తగా వచ్చిన జాయింట్ డైరెక్టర్. ఈ మీటింగులకు ఎప్పుడూ రాలేదు. కిషన్ రావు గారికి ముఖం తెలియదు. "సరిగ్గా సగం! సరిపోయింది," అని ఊపిరి పీల్చుకున్నారు.

నేను దమయంతక్క వైపు చూశాను. ఆమె తల కొంచెం పక్కకు వాలింది. ఫోన్లో గొంతు సరిగా అందనప్పుడు అలా వాలుస్తుంది. ఆమె ఊరుకుంటుందనే అనుకున్నాను. ఊరుకోవాలనే కోరుకున్నాను.

"సార్, చాయ్ తాగుదాం," అంది.

"ఇప్పుడే కదమ్మా కూర్చున్నాం?"

"పేర్లు విని విని నా చెవులు ఎండిపోయినయ్ సార్."

అందరూ లేచారు. నేను ఆమెను వరండాలోకి నడిపించాను. బల్ల చివర చెయ్యెత్తినాయన్ని పిలవమంటే పిలిచాను, వెనకే వచ్చాడు.

"రమాకాంత్ గారూ," అంది.

ఆయన ఒకడుగు వెనక్కు వేశాడు.

"ఉన్నరని తెలుసు. మాట్లాడున్రి."

రమాకాంత్ ప్రేమ్‌సాగర్ గారి ఆఫీసులో సూపరింటెండెంటు. పని మీద రోజూ దమయంతక్కకు ఫోన్ చేసే మనిషే. "అక్కా, మీ కోసమే చెప్పిన," అన్నాడు నేల చూపులు చూస్తూ. "ఒక్క మనిషి తక్కువైతున్నడు. మా సార్‌ను ఈడ ఎవరు చూడలే. మీ తీర్మానం పాసైతదని..."

ఇంతలో రాఘవేందర్, విజయశ్రీ కూడా వచ్చారు. రాఘవేందర్ చేతులు చకచకా కదిలాయి. "నేను కూడ చూసిన," అంది విజయశ్రీ ఆయన మాటగా. "ప్రేమ్‌సాగర్ గారి ముఖం నాకు తెలుసు. ఈయన కాదు. రమ్య కోసం ఊకున్న."

"నాక్కూడ ఊకుందామనే అనిపించింది," అంది దమయంతక్క. "కాని బోర్డోళ్లకు తెలిసిందనుకోన్రి, గా పిల్ల కాయితం చెత్తబుట్టల వడ్తది. తెల్వకున్నా, రేపు మనకు పనికిరాని తీర్మానానికి గిట్లనే ఒక పేరు తెచ్చి కూసోవెడ్తరు. అప్పుడు నేనేమని అడగాలె?"

"మరి మీటింగే ఆగిపోతది గదక్కా!" అన్నాన్నేను. వరండాలో నోరెత్తొచ్చు.

"మీ సార్ ఏడున్నరు రమాకాంత్ గారూ?"

"హిమాయత్‌నగర్‌ల, పంటి డాక్టర్ దగ్గర." ఫోన్ చేశాడు. అవతలనుంచి 'ఆఁ, ఊఁ' తప్ప మాట రాలేదు.

దమయంతక్క నా వైపు తిరిగింది. "తమ్మీ, పోయి తీస్కరా. ఒప్పుకోకున్నా సరే, వచ్చి కూసుంటే చాలని చెప్పు."

నారాయణగూడనుంచి హిమాయత్‌నగర్‌కు ఆ రోజు నేను పోయిన వేగానికి సిగ్నల్ దగ్గరి పోలీసాయన విజిల్ ఊదాడు. ఆ విజిల్ నాకు తిరిగి వచ్చేటప్పుడు వినిపించింది. బంద్ కాబట్టి రోడ్లు ఖాళీగా ఉన్నాయని కొందరంటారు. వాళ్లు ఆ రోజు రోడ్డు మీద లేరు.

ప్రేమ్‌సాగర్ గారు కుర్చీలో వెల్లకిలా పడుకుని ఉన్నారు. దవడకు మత్తు సూది పడింది, పన్ను ఇంకా పీకలేదు. మెడ కింద తెల్ల గుడ్డ.

"సార్, మీరొక్కరు లేక మీటింగ్ ఆగింది. ఎవరి మూలంగ ఆగిందో మినిట్స్‌ల పేరు వెట్టి రాస్తరట," అన్నాను.

"మూ పేవా?" అన్నారు.

"మీ పేరే సార్."

పన్ను పీకించుకోవడానికి వచ్చిన అధికారి అంత వేగంగా లేవడం ఆ డాక్టరు తన సర్వీసులో చూసి ఉండడు. మెడలో గుడ్డతోనే స్కూటరెక్కారు. దారిపొడుగునా నా భుజం పట్టుకుని ఏదో చెబుతూనే ఉన్నారు. మెల్లగా పొమ్మని అయ్యుంటుంది. నాకు అర్థం కాలేదు.

ఈలోగా దమయంతక్క సంగతి కిషన్ రావు గారి చెవిన వేసింది. హాల్లో అందరూ కూర్చున్నారు. కిషన్ రావు గారు, "పేర్లు మళ్లీ మొదటినుంచి," అన్నారు. ఎందుకో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. వరస బల్ల చివరికి వచ్చింది.

"ఫేంఫాగవ్," అన్నారు ప్రేమ్‌సాగర్ గారు, చెయ్యెత్తి.

హాలంతా నవ్వు. దమయంతక్క నవ్వలేదు. "ఎవరు సార్ అది?"

"ప్రేమ్‌సాగర్ గారే అమ్మా. మత్తు సూది వేశారట, నోరు తిరగడం లేదు."

"నేను ఫోన్ల విన్న గొంతు ఇది కాదు సార్. మీరు వారిని ముందెప్పుడన్న చూసిన్రా?"

కిషన్ రావు గారు చూడలేదు. నవ్వు ఆగిపోయింది. ఆ మనిషిని డాక్టరు కుర్చీలోంచి లేపుకొచ్చింది నేనే, కానీ నా మాట ఆ హాల్లో లెక్కలోకి రాదు. రమాకాంత్ లేచి, "వీరే మా సార్," అన్నాడు. దమయంతక్క ఆ మాటకు ఔననలేదు, కాదనలేదు. అంతకుముందు ఆయన చెప్పిన పేరు ఇంకా ఆమె చెవిలోనే ఉండి ఉంటుంది.

అప్పుడు రాఘవేందర్ అరచేత్తో బల్ల మీద కొట్టి లేచాడు. విజయశ్రీ చెప్పింది: "ఈయన ముఖం నాకు తెలుసు. మా బడి పిల్లల బస్ పాసుల కోసం వీరి బల్ల ముందర ఎన్నోసార్లు నిలవడ్డ. పాసులు ఇంక రాలే."

ప్రేమ్‌సాగర్ గారు ఏదో అనబోయి, కుదరక, తల దించుకున్నారు.

దమయంతక్క తల పక్కకు వాల్చి వింటోంది. వినడానికి ఏమీ లేదు. మెల్లగా అంది: "నాకైతే తెలుస్తలేదు. రాఘవేందర్ గారు చూసిన్రంటే సరే. రాసుకోన్రి."

"మరి పేరు ఎవరు పలకాలి? నియమం ఉంది కదా," అన్నారు కిషన్ రావు గారు.

"రాఘవేందర్ గారికి విజయశ్రీ పలుకుతలేదా సార్? వీరికి కూడ ఎవరన్న పలకాలె."

రమాకాంత్ మళ్లీ లేచాడు. "నేను రమాకాంత్," అన్నాడు. "మా సార్ ప్రేమ్‌సాగర్ గారి పేరు పలుకుతున్న." ప్రేమ్‌సాగర్ గారు చెయ్యెత్తారు. లెక్క సరిపోయింది.

తీర్మానం మీద కూడా వరసగా పేర్లు చెప్పారు. ఇద్దరు అధికారులు కాదన్నారు, పేరు చెప్పే కాదన్నారు. మిగతావాళ్లు ఔనన్నారు. ప్రేమ్‌సాగర్ గారు ఔనన్నారో, పన్ను నొప్పితో మూలిగారో నేను చెప్పలేను. చెయ్యి మాత్రం పైనే ఉంది.

సిఫారసు బోర్డుకు పోయింది. చాలా రోజులు ఉలుకూ పలుకూ లేదు. దమయంతక్క రోజూ భోజనం విరామంలో బోర్డు ఆఫీసుకు ఫోన్ చేసేది. 'పరిశీలనలో ఉంది' అన్న ప్రతి మనిషినీ పేరు అడిగేది. పరీక్షకు పది రోజులుందనగా ఉత్తర్వు వచ్చింది: ఈ పరీక్ష మట్టుకు అభ్యర్థులు స్క్రైబును తామే తెచ్చుకోవచ్చు. వచ్చే పరీక్ష సంగతి తర్వాత చూస్తారట.

నేను కొత్త పెన్నులు కొన్నాను. హాస్టల్ గేటు దగ్గర రమ్యను కలిసి, "ఎప్పుడు మొదలువెడ్దాం ప్రాక్టీసు?" అన్నాను.

"అన్నా, ఏమనుకోకు," అంది. "రోజా రాస్తది."

రోజా ఆమె హాస్టల్ గదిలోనే ఉంటుంది. ఇంటరు చదివి బట్టల దుకాణంలో పనిచేసేది. దస్తూరి కోడి గీకినట్టుంటుంది.

"నా దస్తూరికేమైంది?"

"మస్తుంటది నీ దస్తూరి. కాని నేను చెప్పింది రాయవన్నా, నీకు తోచింది రాస్తవ్. మొన్న నేను ఒక జవాబు చెప్తే, ఇట్ల రాస్తే ఇంక మంచిగుంటదని కథ మొత్తం మార్చినవ్."

నిజానికి నేను మార్చిన జవాబే బాగుంది. ఆ మాట దమయంతక్కతో చెప్పుకుంటే, "తెచ్చుకునేది ఆ పిల్ల, నువ్వెందుకు పరేషానైతున్నవ్?" అని పప్పుకు పోపు పెట్టుకుంది.

పరీక్ష పొద్దున దమయంతక్క సగం పూట సెలవు పెట్టింది. బర్కత్‌పురలో సెంటరు. గేటు దగ్గర బోర్డు మనిషి రోజాను ఆపాడు.

"నిన్ను ఎవరు పంపిండ్రు?"

"ఎవరు పంపలే సార్," అంది రమ్య. "నేను తెచ్చుకున్న."

ఆయన ఉత్తర్వు చూశాడు, లోపల ఎవరినో అడిగాడు, మళ్లీ చూశాడు. దమయంతక్క గోడకు ఆనుకుని నిలబడి ఉంది. చేతికర్ర కొన నేల మీద ఊరికే కదులుతోంది. గంట కొట్టారు.

"పోనిచ్చిన్రా?" అని అడిగింది.

"పోనిచ్చిన్రు."

"ఇద్దర్నా?"

"ఇద్దర్ని. రోజా మోచెయ్యి వట్టుకొని పోతున్నది. మెట్లెక్కిన్రు. ఇగ కనిపిస్తలేరు."

ఆమె ఇంకాసేపు అటే చెవి పెట్టి నిలబడింది. తర్వాత కర్ర మడిచి సంచిలో పెట్టుకుని, స్కూటరు వెనక సీటు కోసం చెయ్యి చాచింది. "నడువ్ తమ్మీ, డ్యూటీకి టైమైతున్నది."