మామయ్య సంచిలో పెంకుముక్కలు

మామయ్య పోయాడని మొన్న పొద్దున నరసరావుపేట నుంచి కబురొచ్చింది. అద్దె ఇంట్లో పోయాడట. బతుకంతా ఇంటి ఓనరుగా ఉన్న మనిషి చివరికి ఎవరిదో వాటాలో కన్నుమూశాడన్న మాటే నాకు ముందు గుచ్చుకుంది. ఏడుపు తర్వాత వచ్చింది.

మా అమ్మకు ఒక్కడే తమ్ముడు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాడు. తాతయ్య ఇచ్చిన పెద్ద పెంకుటింట్లో ఒక వాటాలో తనూ అత్తయ్యా ఉంటూ, మిగతా మూడూ అద్దెకిచ్చాడు. పెన్షనూ అద్దెలూ కలిస్తే ఇన్‌కంటాక్సు కట్టాల్సి వచ్చేది. కట్టడానికి ఆయనకు బాధ లేదు. "వచ్చినదాని మీద కడతాను, ఇంటికి ఖర్చయిపోయినదాని మీద ఎందుకు కట్టాలి?" అనేవాడు. ఆ ఒక్క మాట పట్టుకుని ఏటా గుంటూరు ఆఫీసుకు వచ్చేవాడు. నా ఉద్యోగం ఆ ఊళ్లోనే కాబట్టి మా ఇంట్లో దిగి, నన్ను తోడు తీసుకెళ్లేవాడు.

చేతిలో గోనెసంచి ఉండేది. అందులో రసీదులుండవు. మా వైపు తాపీమేస్త్రికి డబ్బుతోపాటు ఇన్ని ఎండుమిరపకాయలు, ఇన్ని కందులు పోస్తారు, మధ్యాహ్నం ఇంట్లోనే అన్నం పెడతారు. మన విస్తట్లో తిని లేచినవాణ్ని సంతకం పెట్టమంటే మొహం మాడ్చుకుంటాడు. అందుకని మామయ్య ఆ ఏడు మార్పించిన వస్తువుల్నే సంచిలో వేసుకొచ్చేవాడు. పగిలిన పెంకులు, అరిగిపోయిన బావి గిలక, తుప్పు పట్టిన మడతబందులు. "కాగితం అబద్ధమాడొచ్చు అమ్మాయ్, పెంకు ఆడదు" అనేవాడు. ఒకసారి కండక్టరు ఆ సంచికి లగేజీ టిక్కెట్టు కొడితే దారంతా పోట్లాడి, ఆ టిక్కెట్టు కూడా ఖర్చులో చూపిస్తానన్నాడు.

ఆఫీసరు మంచివాడే. బల్ల మీద పెంకులు చూసి నవ్వు ఆపుకుని, ఏడాది అద్దెలో ఆరోవంతు మరమ్మతుల కింద చట్టమే తీసేస్తుందని, ఖర్చు పెట్టినా పెట్టకపోయినా అంతేనని ఓపిగ్గా చెప్పాడు. అయితే పెట్టనివాడే తెలివైనవాడన్నమాట, అన్నాడు మామయ్య. మర్నాడు ఊరెళ్లి వెనక వాటాకు తలుపు మార్పించాడు. "ఇల్లు కట్టి చూడు అన్నారు గానీ, అద్దెకిచ్చి చూడు అనలేదెవరూ" అని ఆయనే నవ్వేవాడు.

ఆ నవ్వు ఎక్కువ కాలం మిగల్లేదు. ఒక గాలివానకు వెనక రెండు వాటాల పెంకులూ లేచిపోయాయి. మనుషుల్ని వానలో ఉంచలేక మిరపకాయల షావుకారు దగ్గర అప్పు తెచ్చి కప్పు వేయించాడు. ఆ వడ్డీని లెక్కలో చూపించుకోవచ్చు. షావుకారు మాత్రం తన పేరు ఎక్కడా రాయొద్దన్నాడు, రాస్తే టాక్సువాళ్లు తన మీద పడతారని.

ఆ కొత్త కప్పు కిందికి దర్శి వైపు నుంచి ఒకావిడ ఇద్దరు ఆడపిల్లలతో అద్దెకు దిగింది. పత్తికి తెల్లదోమ పడితే ఎంత మందు కొట్టినా చావలేదు. మిగిలిన మందు ఆమె భర్త తాగాడు. ఆవిడ మిషను కుట్టి పిల్లల్ని బడికి పంపేది. కొన్నాళ్లు అద్దె ఇచ్చింది, తర్వాత ఇవ్వలేకపోయింది. మామయ్య అడగలేదు. ఆవిడ బావి దగ్గర నీళ్లు తోడుకుంటుంటే, అద్దె అడగడానికొచ్చాడనుకుంటుందని అటువైపు వెళ్లేవాడే కాదు. స్నానం కూడా ఆవిడ లోపలికి పోయాకే.

ఆ రాని అద్దెకూ టాక్సు పడింది. సంచి పట్టుకుని మళ్లీ వచ్చాడు. ఆఫీసరు సంచి విప్పనివ్వకుండానే చెప్పాడు.

"రాని అద్దె తీసేయొచ్చు మాస్టారూ. కానీ ఆవిణ్ని ఖాళీ చేయించాలి, కోర్టులో దావా వెయ్యాలి. ఆ కాగితాలు తెస్తే నేను రాసేస్తాను."

మామయ్య సంచి మూతి ముడి బిగిస్తూ కూర్చున్నాడు. "అంటే ఆవిణ్ని రోడ్డు మీద పెడితేనే నాకు అద్దె రాలేదని నమ్ముతారు. అంతేనా అండీ?"

"రూలు అలా ఉందండీ" అన్నాడు ఆఫీసరు తల దించుకుని.

బయటికొచ్చాక నేనే అన్నాను, పేరుకి ఒక నోటీసు ఇప్పించు మామయ్యా, తర్వాత చూసుకోవచ్చు అని. ఆయన నా వైపు చూడలేదు. "చదివేది ఆవిడ కదమ్మా. ఇది ఉత్తుత్తి నోటీసని అందులో రాయం కదా."

ఇవ్వలేదు. అప్పు పెరిగింది, టాక్సు బాకీ పడింది, ఇల్లు అమ్మాడు. అద్దెకున్నవాళ్లను కదపొద్దని కొన్నవాణ్ని బతిమాలితే సరేనని తలూపాడు. నెల తిరక్కుండా అందర్నీ ఖాళీ చేయించి, ఇల్లు పడగొట్టి మిరపకాయల గోడౌను కట్టాడు. మామయ్య కాపాడాలనుకున్న ఆవిడ రోడ్డున పడింది, ఆయన ఇల్లూ పోయింది. ఇందులో ఓదార్పు ఏమైనా ఉందా అని చాలా వెతికాను. నాకైతే దొరకలేదు. ఆ తర్వాత ఆయన ఆ వీధిలో నడవడం మానేశాడు. సంచి మాత్రం పారేయనివ్వలేదని అత్తయ్య చెప్పింది.

నేను వెళ్లేసరికి మామయ్య రోడ్డు మీద ఉన్నాడు. శవాన్ని ఇంట్లో ఉంచితే ఆ వాటాలోకి మళ్లీ ఎవరూ అద్దెకు రారని ఓనరు బయట పడుకోబెట్టించాడట. మామయ్య మంచాన్నీ, మంచం కింది సంచినీ కూడా బయట పెట్టించాడు. ఆ ఓనర్ని ఏమనగలం? ఆయనకూ అద్దె రావాలి.

ఎవరు చెప్పారో, దర్శి ఆవిడ వచ్చింది. పైకి ఏడవలేదు. లారీలు పోతుంటే ఆ గాలికి మామయ్య మీది దుప్పటి లేచిపోతోంది. ఆవిడ కాసేపు చూసి, సంచి మూతి విప్పి, పెంకుముక్కలు తీసి దుప్పటి నాలుగు మూలలా పెట్టింది. తన వాటా కప్పు మీది పాత పెంకులే అయ్యుంటాయి.

లారీ వచ్చినప్పుడల్లా దుప్పటి ఉబ్బుతోంది. పెంకులు కదల్లేదు.