చొక్కా మీద తువ్వాలు

అనంతగిరిలో నేనుండే వీధిలో నా బరువు తెలియనివాళ్ళు లేరు. రోజూ పొద్దున్నే, పక్కింటామె కాఫీ బస్తాలు తూచే కాటా ఎక్కి నిలబడేవాణ్ణి. నాకు లివర్ గట్టిపడి పొట్టలో నీరు చేరింది. డాక్టరమ్మ రెండు రకాల మాత్రలు రాసింది, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ ఒంట్లో నీటిని మూత్రంలోకి పంపేవే. ఉప్పు బాగా తగ్గించమంది, రోజూ బరువు చూసుకోమంది. మెల్లగా తగ్గుతుంటే మందు పనిచేస్తున్నట్టు, పెరుగుతుంటే నీరు తిరిగొస్తున్నట్టు.

లివర్ ఎందుకు చెడిందని అడిగేవాళ్ళకి దాచకుండానే చెబుతాను. తాగాను. ఆశ్రమ పాఠశాలలో ముప్ఫయ్యేళ్ళు లెక్కలు చెప్పి రిటైరయ్యాను. పిల్లలు లేరు. భార్య పోయాక, విజయనగరం వైపు మా వాళ్ళ దగ్గరికి వెళ్ళడానికి మనసొప్పక ఇక్కడే ఉండిపోయాను. ఇంట్లో పలకరించే మనిషి లేక సీసాని పక్కన పెట్టుకున్నాను. జబ్బు సంగతి తెలిసిన రోజే మానేశాను. మానేశాక సాయంత్రాలు మరీ పెద్దవైపోయాయి.

మొదటి రెండు నెలల్లో పొట్ట బాగా దిగింది. పక్కింటామె కళ్ళు చికిలించి కాటా అంకెలు చదివేది.

"నిన్నటికన్నా అరకిలో తగ్గినావు మాస్టారూ. బేగి మామూలైపోతావులే."

ఆమె కొండమనిషి. కలెక్టరొచ్చినా నువ్వు అనే అంటుంది. చాలా రోజులు నాతో ఎవరైనా మాట్లాడిన మాటలు ఆ రెండే. నిజం చెప్పాలంటే నేను కాటా ఎక్కేది సగం వాటి కోసమే.

చలికాలం మొదట్లో ఛాతీ సలపడం మొదలైంది. స్నానం చేస్తూ చూసుకుంటే రెండు వైపులా వాపు. చెయ్యి తగిలితే ప్రాణం పోయేంత నొప్పి. ఈడొస్తున్న ఆడపిల్లకి వచ్చినట్టు నాకు రొమ్ములు వస్తున్నాయి. ఫోన్లో పెద్ద మాత్ర పేరు కొట్టి చూశాను. కొందరు మగవాళ్ళకి ఆ మందు వల్ల ఇలా అవుతుందని రాసి ఉంది. మందు వల్లేనని తెలిశాక ధైర్యం రావాలి. నాకు చచ్చేంత సిగ్గొచ్చింది.

చలి ఉన్నన్నాళ్ళు స్వెటర్ కాపాడింది. ఎండలు ముదిరాక చొక్కా మీద తువ్వాలు అడ్డంగా కప్పుకుని, చివర చంకలో ఇరికించి తిరిగాను. భార్య ఉంటే ఆమెకి చూపించేవాణ్ణి. ముందు పడీపడీ నవ్వేది, ఆ తర్వాత చెయ్యి పట్టుకుని ఆసుపత్రికి లాక్కెళ్ళేది. నా అంతట నేను చెబుదామంటే, నా దగ్గర చదువుకున్న పిల్లల వయసున్న డాక్టరమ్మ ముందు నోరు పెగల్లేదు. పెద్ద మాత్ర ఆపేశాను. ఆసుపత్రిలో మాత్రం "రెండూ వేసుకుంటున్నానమ్మా" అనేవాణ్ణి. పిల్లల చేత నిజం చెప్పించడానికి బెత్తం పట్టుకున్నవాణ్ణి నేను!

రెండు వారాలు తిరిగేసరికి కాటా అంకెలు ఎక్కడం మొదలెట్టాయి.

"ఉప్పు తింతన్నావేటి మాస్టారూ?"

"లేదు."

"ఎండిన కాఫీ గింజ ఊరికే బరువెక్కదు. ఎక్కడో తడిసినట్టే. ఏటి దాత్తన్నావు?"

"నీ కాటాయే పాడైంది" అని విసుక్కుని వచ్చేశాను. మర్నాటి నుంచి వెళ్ళడం మానేశాను. దాంతో ఆ రెండు మాటలు కూడా పోయాయి.

చెప్పులు తొడుక్కోవడానికి వంగలేనంతగా పొట్ట బిగుసుకున్నాక, లోయలో ఉన్న ఆసుపత్రికి బస్సెక్కాను. డాక్టరమ్మ గది బయట బల్ల మీద నా పక్కన ఒకాయన కూర్చున్నాడు. నా వయసే ఉంటుంది. ఎక్కడో పై గూడెం మనిషి. కాళ్ళు పుల్లలు, పొట్ట బిందె. ఉక్కపోతకి గోడలకే చెమట పడుతుంటే, చొక్కా మీద తువ్వాలు అడ్డంగా కప్పుకుని చివర చంకలో ఇరికించుకున్నాడు. చేతిలో అదే పెద్ద మాత్రల అట్ట. ఒక్క మాత్రా తీయలేదు. ఆయన నా తువ్వాలు చూశాడు, నేను ఆయనది చూశాను. నీకూ నొప్పేనా అని అడగాలి. నాలుక చివరిదాకా వచ్చింది. అడగలేదు.

ఆయన్ని లోపలికి పిలిచారు. తలుపు ఓరగా ఉంది.

"మాత్రలు వేసుకుంటున్నారా?"

"ఏసుకుంతన్నానమ్మా."

నా గొంతే విన్నట్టయింది. ఆయన కొత్త చీటీ పట్టుకుని బయటికొచ్చి, నా వంక ఒకసారి చూసి, మెట్లు దిగిపోయాడు.

నా వంతు రాగానే తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. "అబద్ధం చెప్పానమ్మా" అన్నాను. ఆమె నవ్వలేదు. ఇది చాలామందికి వచ్చేదేనని, ఇంకో మందు ఉందని చెప్పింది. రెండు నిమిషాల పని.

"ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదండీ మాస్టారూ?"

"ఇప్పుడెళ్ళినాయన కూడా వేసుకోవడం లేదమ్మా. ఆయనదీ నా బాధే" అన్నాను.

నర్సు పరుగున వెళ్ళింది. ఆయనెక్కిన గూడెం జీపు అప్పటికే వెళ్ళిపోయింది. ఆసుపత్రిలో ఆయన రాయించిన నంబరుకి ఫోన్ చేస్తే మోగలేదు. ఆ గూడేనికి సిగ్నల్ లేదట. ఆశా కార్యకర్తతో కబురు పంపుతామన్నారు. అందిందో లేదో అడిగిన ప్రతిసారీ, చూస్తున్నామండీ అంటారు.

నాకు సూదితో నీరు తీశారు, మాత్ర మార్చారు. మళ్ళీ కాటా ఎక్కుతున్నాను. పక్కింటామెకి అంతా చెప్పేశాను. "ఇంతేనా!" అంది. నిజంగా అంతే.

పై గూడేలవాళ్ళంతా దిగొచ్చే శుక్రవారం సంతకి మాత్రం మానకుండా వెళ్తున్నాను. కొనేదేమీ ఉండదు. మగవాళ్ళ చొక్కాల వంకే చూస్తూ తిరుగుతాను. తువ్వాలు అడ్డంగా కనిపిస్తే దగ్గరికెళ్ళి పలకరిస్తాను. నన్ను పిచ్చివాడనుకున్నవాళ్ళున్నారు. ఆయన ఇంతవరకూ కనిపించలేదు. ఆ రోజు బల్ల మీద మా ఇద్దరి మధ్య జానెడు చోటు కూడా లేదు.