డబ్బాకు జ్వరం

డబ్బాకు జ్వరం వచ్చిందని నాకు మొదట చెప్పింది మా అత్త, మా ఆయన తల్లి. నేను వంటింట్లో రాగి పిండి కలుపుతున్నాను. ఆమె గోడ పట్టుకుని మెల్లగా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"అమ్మీ, నీ తమ్ముని డబ్బా లోపల తొంభై అయిదు డిగ్రీలంట. రొంతసేపు ఆడి ఆరిపాయ. వాడు మాటాపలుకూ లేకుండా కండ్లు మూసుకోనుండాడు."

డబ్బా అంటే కంప్యూటరు. నా చేతిలో పిండి అలాగే ఉండిపోయింది. యంత్రం ఆరిపోయినందుకు కాదు. వాడు కళ్ళు మూసుకున్నాడన్నందుకు.

నా తమ్ముడు బొమ్మసంద్రలో ఒక ఫ్యాక్టరీలో రేకులు నొక్కే ప్రెస్సు మీద పని చేసేవాడు. చందాపురలో గది తీసుకుని ఉండేవాడు. ఒక వాన సాయంత్రం డ్యూటీ దిగి వస్తుంటే బండి జారింది. మెడ ఎముక విరిగింది. భుజాల కింద ఏదీ కదలదు, ఏదీ తెలియదు. అమ్మా నాన్నా అప్పటికే లేరు. వీణ్ణి ఎక్కడికి తీసుకుపోవాలని నేను ఆసుపత్రి వరండాలో ఏడుస్తుంటే మా అత్త, "ఎక్కడికేంది, ఇంటికే" అన్నది. ఆ రెండు మాటలకు నేను ఇప్పటికీ రోజూ దేవునికి నమస్కారం చెప్పుకుంటాను.

మా ఇల్లు పీణ్య దగ్గర ఒక బిల్డింగులో పై అంతస్తు. అద్దె ఇల్లు. ఒక గది, ఒక హాలు, వంటిల్లు. గది వాడికి ఇచ్చాం. హాల్లో ఒక మూల దేవుడి పటాలు, వాటి పక్కనే అత్త మంచం. పైన ఎండకు కాగే డాబా.

కంప్యూటరు రాకముందు చాలాకాలం వాడు గోడవైపు ముఖం తిప్పుకుని ఉన్నాడు. తిప్పమంటే నేనే తిప్పేదాన్ని. ఇటు తిప్పనా అంటే వద్దనేవాడు. అన్నం రెండు ముద్దలకే చాలనేవాడు. ఫిజియోథెరపీ చేసే అమ్మాయి ఒకరోజు గడ్డంతో కదిలించే ఒక మీట తెచ్చి చూపించింది. దాంతో కంప్యూటరు ఆటలు ఆడవచ్చని చెప్పింది. ఆ రోజు వాడు తనంతట తాను అడిగాడు, "అక్కా, ఇటు తిప్పు" అని.

ఫ్యాక్టరీ స్నేహితులూ మా ఆయనా కలిసి భాగాలన్నీ తెచ్చారు. విడివిడిగా కొని బిగించుకుంటేనే మంచి ఆటల కంప్యూటరు వస్తుందట. ఎట్లా బిగించాలో వాడు వీడియోలు చూసి నేర్చుకున్నాడు. చేతులు మాత్రం మా ఆయనవి. ఆయన పీణ్యలో మెషిన్ షాపులో ఫిట్టరు. ఆదివారం పొద్దున వాడి మంచం పక్కన నేల మీద దుప్పటి పరుచుకుని కూర్చున్నారు.

"బావా, స్వల్ప మెల్లగా. అది మీ షాపులో లేత్ మెషిన్ కాదు."

"లేత్ అయితే నీతో ఇన్ని మాటలు పడే పని లేదప్పా."

"ఆ పిన్నులు ముట్టుకోవద్దు."

"ముట్టుకోకుండా ఎట్ల పెట్టేది? మంత్రం వేసేదా?"

"మంత్రం అక్క చూసుకుంటాది. నువ్వు స్క్రూ చూసుకో."

నేను పెట్టె మూతకు పసుపూ కుంకుమా పెట్టాను. వాడు నవ్వాడు. ఆ నవ్వు మా ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో, గోడ చాటుకు పోయి కళ్ళు తుడుచుకున్నాను.

ఆ మర్నాడే అత్త తెచ్చిన కబురు, డబ్బాకు జ్వరమని.

వాడి ఆట లారీ నడిపే ఆట. ఎక్కడెక్కడి దేశాల రోడ్లో, సరుకు ఎత్తుకుని ఊళ్ళు దాటిపోవాలి. లోడు దించకముందే రోడ్డు మధ్యలో లారీ గునిసి, ఆగి ఆగి కదిలేది. తెర మూలన ఒక అంకె కనిపించేది. అది ప్రాసెసర్ వేడి అని, కంప్యూటరుకు మెదడు అదేనని వాడు చెప్పాడు. నేను బడికి పోలేదు. పాత క్యాలెండరు కాగితాల వెనక నాన్న దిద్దించిన అక్షరాలూ అంకెలే నా చదువు. ఆ చదువు ఆ మూలన ఉన్న అంకెను చదవడానికి పనికొచ్చింది. ఎనభై, తొంభై, తొంభై అయిదు. ఆపైన తెర నల్లబడేది. వాడి ముఖం దానికన్నా ముందే నల్లబడేది.

పెట్టె పక్క మూత తీసి టేబుల్ ఫ్యాను పెట్టాం. తగ్గలేదు. మూడో రోజుకు వాడు మళ్ళీ "అటు తిప్పు" అన్నాడు. తిప్పాను.

ఆ సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి కాళ్ళు కూడా కడుక్కోకుండా పెట్టె ముందు కూర్చున్నారు. ప్రాసెసర్ మీద ఒక రేకుల దిమ్మె ఉంటుంది. లోపలి వేడిని లాక్కుని గాలికి వదలడం దాని పని. డబ్బా ఆన్ చేసి, అంకె తొంభై దాటాక మా ఆయన తన షాపు మెషిన్లను చూసినట్టే దాన్ని చేతి వెనక వైపుతో తాకి చూశారు.

"చల్లగానే ఉండాది కదప్పా. నువ్వు సుమ్నే, ఊరికే భయపడతా ఉండావు."

గోడవైపు నుంచి వాడి గొంతు వినిపించింది. "నిజంగా చల్లగా ఉండాదా బావా?"

"కుండ మాదిరి."

"అక్కా, ఇటు తిప్పు. లోపల తొంభై అయిదుంటే దిమ్మె చల్లగా ఉండకూడదు. ఆ వేడి దానికి ఎక్కడమే లేదు. ఇప్పు బావా."

ఇప్పారు. దిమ్మె అడుగున, ప్రాసెసర్‌కు ఆనుకునే చోట, పల్చటి ప్లాస్టిక్ పొర అలాగే అంటుకుని ఉంది. బిగించే ముందు పీకాల్సింది.

మా ఆయన దాని అంచును గోటితో లేపి చూశారు. "నేను చూసినా అప్పా దీన్ని. మా షాపులో రేకుల మీద ఈ ప్లాస్టిక్ డెలివరీ రోజు దాకా పీకం. గీత పడితే మాలు వాపసు వస్తాది. ఇదీ అట్లే అనుకున్నా."

తమ్ముడు ఆయన్ను చూసి నవ్వాడు. "డెలివరీ అయిపాయ బావా. ఇంక పీకు."

పీకి, తుడిచి, వేడి దిమ్మెకు ఎక్కేలా కొత్తగా పేస్టు పెట్టి బిగించారు. అంకె డెబ్బై దగ్గర నిలబడింది. ఆ రాత్రి వాడు రొట్టె ఇంకొకటి అడిగి తిన్నాడు. నేను దేవుడి ముందు ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

తర్వాత కొన్నాళ్ళు మా ఇంట్లో పండగలా ఉండింది. వాడు పొద్దున మొదలుపెడితే మంచు కొండలు, సొరంగాలు, సముద్రం పక్క రోడ్లు. అత్త వాడి మంచం పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది.

"బస్టాండు వస్తే చెప్పప్పా, దిగిపోతా."

"టికెట్ లేకుండా ఎక్కినావు. నడిరోడ్డు మీద దించేస్తా చూడు."

"దించు, దించు. రాత్రికి నీ కాళ్ళెవురు పిసుకుతారో నేనూ చూస్తా."

వాడి కాళ్ళకు ఆమె పిసికినట్టు తెలియదు. అయినా ఆమె రోజూ పిసుకుతుంది. వాడూ రోజూ "ఆ, ఇప్పుడు బాగుండాది" అంటాడు.

ఎండలు ముదిరాయి. వాడికి జ్వరం మొదలైంది. పుండ్లేమైనా పడ్డాయా అని ఒళ్ళంతా వెతికాను. మూత్రం పరీక్ష చేయించాం, ఏమీ లేదు. మాత్రలు వేశాం, దిగలేదు. ఒక మధ్యాహ్నం థర్మామీటరు తీసి నేను నూట రెండు అన్నాను. అత్త దాన్ని చూసింది, తెర మూలన ఉన్న అంకెను చూసింది.

"డబ్బాకి డెబ్బై. వీనికి నూట రెండు. దాని జ్వరం వీనికి ఎక్కింది."

రెండూ వేరు వేరు కొలతలని చెప్పబోయి వాడు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ నవ్వు రెండు రోజులు కూడా నిలవలేదు.

డాక్టరు ఇంటికి వచ్చి, వాడి గది గోడ మీద చెయ్యి పెట్టి, కంప్యూటరు వెనక నుంచి వచ్చే గాలికి అడ్డంగా చెయ్యి పెట్టి చూశాడు. మెడ దగ్గర నరం తెగినవాళ్ళకు ఆ కింద చెమట పట్టదట. మనకు వేడి తగిలితే చెమటగా బయటికి పోతుంది. వీడికి పోయే దారి లేదు. గది ఎంత కాగితే వీడూ అంత కాగుతాడు. "ఇది జ్వరం కాదమ్మా, గది వేడి" అన్నాడు.

ప్లాస్టిక్ పొర ఉన్నన్నాళ్ళూ యంత్రం తన వేడికి తానే ఆరిపోయేది. అది బాగయ్యాక రోజంతా నిండుగా నడిచింది. నడిచినంతసేపూ వేడిని గదిలోకి పోసింది. దాని నుంచి మేము తీసేసిన వేడి ఎక్కడికీ పోలేదు. నా తమ్ముడి ఒంట్లోకి పోయింది.

ఏసీ పెట్టమని అందరూ అన్నారు. పైకి వచ్చే పాత కరెంటు లైను దాన్ని మోయదన్నాడు ఎలక్ట్రీషియను. కొత్త లైనుకు ఇంటి ఓనరు ఒప్పుకోలేదు. నీళ్ళ కూలరు తెస్తే ఆ తేమకు వాడి వీపు నాని పుండు పడింది. వాడే కంప్యూటరులో ఏవో మార్చి ప్రాసెసర్‌కు పోయే కరెంటు తగ్గించాడు. బొమ్మ మసకబారింది. కొండలు బూడిద కుప్పల్లా కనిపించేవి. అంకె ఇంకా దిగింది. వాడి జ్వరం మాత్రం కొంచెమే దిగింది.

డబ్బా వేరే చోట ఉంటే చాలు కదా అన్నారు మా ఆయన. వేరే చోటంటే హాలే. గోడకు రంధ్రం చేసి, పొడుగు తీగలు వేసి, డబ్బాను అవతల పెట్టాలి. పెడితే దాని వేడంతా అత్త మంచం మీదికే. ఆ మాట ఎవరం పైకి అనలేదు. ఆమే అన్నది.

"నా పక్కన పెట్టండి. నాకు చెమట పడతాది కదా."

అలా డబ్బా దేవుడి మూలకు వచ్చింది. తీగలు గోడలోంచి వాడి దగ్గరికి వెళ్ళాయి. వాడి గది చల్లబడింది. థర్మామీటరు తొంభై తొమ్మిది దగ్గరికి దిగింది. ఇంతకన్నా నేనేం అడగను అనుకున్నాను. రాత్రి పడుకోబోయే ముందు ఆ రోజు అందినవాటికి ఒక్కొక్కటిగా నమస్కారం చెప్పుకోవడం నాన్న నేర్పిన అలవాటు. గోడలో రంధ్రానికి కూడా చెప్పుకున్నాను.

ఆ రంధ్రంలోంచి తీగలతో పాటు శబ్దం కూడా వస్తుందని నాకు తోచలేదు.

మధ్యాహ్నాలు అత్త విసనకర్రతో విసురుకునేది. విసురుకున్నప్పుడల్లా ఆమె గాజులు కదిలేవి. వాడు లారీ నడుపుతూ అది వినేవాడు. ఒకరోజు నేను మజ్జిగ తాగిస్తుంటే అడిగాడు.

"అక్కా, అత్త మెడ మీద చెమటకు పేలిందా?"

"చెమటకాయలే. పౌడరు వేసినా."

వాడు మజ్జిగ పూర్తిగా తాగాడు. తర్వాత ఆట ఆపేయమన్నాడు.

"లోడు దించలేదు కదరా ఇంకా."

"బోరు కొట్టింది అక్కా. రోజూ అవే రోడ్లు."

వాడు అబద్ధం ఆడితే నాకు తెలుస్తుంది. మర్నాడూ ఆడలేదు. అత్త వచ్చి మంచం పక్కన నిలబడింది. "ఏమప్పా, బస్సు రాదా ఈ పొద్దు?"

"బస్సు రిపేరు అత్తా."

"నా మీద జాలా నీకు? నేను కాగితే కాగుతా. నా ఒంట్లో నీళ్ళుండాయి."

"జాలి కాదు అత్తా. కండ్లు నొప్పి."

ఆమె బతిమాలింది, తిట్టింది, ఒక పూట అన్నం మానేసింది. వాడు కదల్లేదు. కదలలేనివాడి పట్టుదలను ఎవరు మాత్రం కదిలించగలరు? ఆ సాయంత్రం నన్ను పిలిచి, "అటు తిప్పు" అన్నాడు.

దేవుని ముందు నిలబడ్డాను. చెప్పుకోవడానికి ఏదీ రాలేదు. ఇద్దరికీ మంచి మనసు ఇచ్చావు, ఆ మంచితనమే వీణ్ణి గోడవైపు తిప్పింది, దీనికి నేను నీకు ఏమని నమస్కారం పెట్టేది అనుకున్నాను. దీపం వెలుగుతోంది. పక్కన డబ్బా చల్లగా ఉంది. ఆ చల్లదనాన్ని చెయ్యి పెట్టి చూసే ధైర్యం నాకు లేకపోయింది.

వానలు మొదలయ్యాయి. డాబా చల్లబడింది. అత్త మెడ మీది చెమటకాయలు మానిపోయాయి. ఇక ఎవరికీ ఇబ్బంది లేదు, ఎంతసేపైనా ఆడవచ్చు. మా ఆయన డబ్బా దుమ్ము తుడిచి, తీగలు సరిచూసి, మీటను వాడి గడ్డం కిందికి తెచ్చి పెట్టారు. వాడు దాన్ని కాసేపు చూశాడు.

"ఏమీ అనిపించడం లేదు బావా. తీసేయి" అన్నాడు.

ఈసారి అది అబద్ధం కాదు. అందుకే నాకు ఎక్కువ భయమేసింది.

డబ్బా మీద ఇప్పుడు గుడ్డ కప్పి ఉంది. అత్త రోజూ దానికీ ఒక పువ్వు పెడుతుంది. వాడి కాళ్ళు పిసుకుతుంది. వాడు "బాగుండాది" అంటాడు, గోడవైపు చూస్తూనే.

వాడు ఫ్యాక్టరీలో చేసే రోజుల్లో సెలవుకు వచ్చినప్పుడు యూనిఫాం చొక్కాలు నేనే ఉతికేదాన్ని. వీపు మీద చెమట ఎండి తెల్లటి ఉప్పు చారలు కట్టి ఉండేవి. ఎంత రుద్దినా పోవని విసుక్కునేదాన్ని. ఇప్పుడు రాత్రి నమస్కారాల్లో చెమటను కూడా చేర్చుకున్నాను.

అత్త గురించి నాకు దిగులు లేదు. ఆమెను దేవుడు మరిచిపోడు. ఇది చదివే మీరు ఎండలో నడిచి వచ్చి ఫ్యాను కింద కూర్చుంటారు. మెడ మీద చెమట పట్టి, గాలికి ఆరి, ఒళ్ళు చల్లబడుతుంది. అప్పుడు నా తమ్ముణ్ణి ఒక్కసారి తలచుకోండి. వాడు ఇటు తిరగాలని కోరుకోండి.